ఋతుపవన గణకుడు – సర్ గిల్బర్ట్ వాకర్

మృగశిర కార్తె ప్రవేశించగానే తెలుగు నేలమీద రైతు చూపు నైరుతి దిక్కుకు మళ్ళుతుంది. ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో ఆ యేడు ఎన్ని ఆఢకాల వర్షం కురుస్తుందో విన్నవాడు, ఇప్పుడు నిజమైన మేఘం కోసం నిరీక్షిస్తాడు. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘాల గర్భధారణను గూర్చీ, కురిసిన నీటిని పాత్రలో పట్టి ఆఢకాలతో కొలవడాన్ని గూర్చీ ప్రత్యేకంగా అధ్యాయాలు రచించాడు. రానున్న వానను ముందే తెలుసుకోవాలన్న ఆకాంక్ష మన దేశంలో అంత ప్రాచీనమైనది. ఆ ఆకాంక్షను అంకెల సాయంతో నెరవేర్చాలని ఇరవై సంవత్సరాలు శ్రమించిన ఆంగ్లేయ గణితవేత్త సర్ గిల్బర్ట్ థామస్ వాకర్. తాను వెతికినది ఆయనకు పూర్తిగా దొరకలేదు. వెతుకులాటలో దొరికినది మాత్రం భూగోళంలో సగభాగపు వాతావరణాన్ని అర్థం చేసుకోవడానికి ఆధారమయింది.

వాకర్ 1868 జూన్ 14న ఇంగ్లండులోని లాంకషైర్ ప్రాంతంలో రాచ్‌డేల్ పట్టణంలో జన్మించాడు. తండ్రి ఇంజనీరు. కుటుంబం పెద్దది. లండనులోని సెయింట్ పాల్స్ పాఠశాలలో చదివే రోజుల్లోనే యంత్రాలమీదా, గిరగిర తిరిగే వస్తువుల చలనంమీదా బాలునికి అమితమైన ఆసక్తి ఏర్పడింది. 1886లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని ట్రినిటీ కళాశాలలో చేరి, 1889లో గణితశాస్త్ర పరీక్షలో విశ్వవిద్యాలయం మొత్తానికి ప్రథముడుగా నిలిచాడు. అక్కడ ఆ స్థానం పొందినవారిని సీనియర్ రాంగ్లర్ అంటారు. కాని ఆ చదువు ఆయన ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. కోలుకోవడానికి మూడు శీతకాలాలు స్విట్జర్లండులో గడపవలసి వచ్చింది. అక్కడ మంచుమీద జారే క్రీడను నేర్చుకొని జీవితాంతం మక్కువతో ఆడాడు.

కేంబ్రిడ్జిలో అధ్యాపకుడైన తరువాత ఆయనను విశేషంగా ఆకర్షించినది ఆస్ట్రేలియా ఆదివాసుల బూమెరాంగు. విసిరినవాని వద్దకే తిరిగివచ్చే ఆ వంకర కర్ర గాలిలో ఎందుకలా వంపు తిరుగుతుందో గణితంతో వివరిస్తూ 1897లో పరిశోధన పత్రం ప్రచురించాడు. కళాశాల వెనుక మైదానంలో స్వయంగా విసిరి చూసేవాడు. మిత్రులు ఆయనను బూమెరాంగ్ వాకర్ అని పిలవసాగారు. వేణువు నిర్మాణం, పక్షులు రెక్కలాడించకుండానే ఆకాశంలో తేలిపోవడం, విద్యుదయస్కాంత సిద్ధాంతం – ఇన్ని విషయాలమీద ఆయన బుద్ధి ప్రసరించింది. అయితే వాతావరణశాస్త్రం మాత్రం ఆ జాబితాలో లేదు. అటువంటి వ్యక్తిని భారతదేశపు వాతావరణశాఖకు అధిపతిగా తీసుకురావడం వింతగా తోచవచ్చు. దానికి కారణం తెలియాలంటే అంతకు పూర్వపు కరువుల చరిత్రలోకి వెళ్ళాలి.

1876లో, అనగా ధాత నామ సంవత్సరంలో, దక్షిణాపథంలో వానలు విఫలమయ్యాయి. మరుసటి యేడు కూడా ఆకాశం కరుణించలేదు. బళ్ళారి, కర్నూలు, కడప ప్రాంతాలలో పశువులు, వాటి వెనుకనే మనుషులు రాలిపోయారు. 1876–78 మధ్య ఈ కరువు దేశంమీద యాభై లక్షలకు పైగా ప్రాణాలను బలిగొన్నదని చరిత్రకారులు లెక్కించారు. మన పెద్దలు దానిని ధాత కరువని చాలాకాలం చెప్పుకున్నారు. వాన కురవకపోవడం ఒక కారణమైతే, ధాన్యం ఎగుమతులను ఆపకపోవడం, సహాయం అందించడంలో పిసినారితనం చూపడం పాలకుల తప్పిదాలు. ఆకాశాన్ని మాత్రమే నిందించడం న్యాయం కాదు.

అంతకు ఒక్క సంవత్సరం ముందు, 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడింది. దాని తొలి అధికారి హెన్రీ బ్లాన్‌ఫర్డ్. హిమాలయాలలో శీతకాలం చివర మంచు అధికంగా పేరుకొన్న యేడు నైరుతి ఋతుపవనం బలహీనంగా ఉంటుందని ఆయన గమనించాడు. నేల ఎంతగా వేడెక్కితే దానిమీది గాలి అంతగా తేలికై పైకి లేస్తుంది. అక్కడ అల్పపీడనం ఏర్పడి, సముద్రం మీది తేమగాలిని లోపలికి లాగుతుంది. మంచు ఎక్కువగా ఉంటే సూర్యుని వేడిమి దానిని కరిగించడానికే ఖర్చవుతుంది గనుక నేల వేడెక్కడం ఆలస్యమవుతుందని ఆయన తర్కం. దీని ఆధారంగా 1886 నుంచి ఏటేటా ఋతుపవన సూచనలు వెలువడసాగాయి. తరువాత వచ్చిన జాన్ ఎలియట్ ఇతర అంశాలను కూడా చేర్చి మరింత విపులంగా సూచనలు రాశాడు. 1899లో వానలు సమృద్ధిగా ఉంటాయని ఆయన శాఖ ప్రకటించింది. ఆ యేడు రాజపుత్రస్థానంలో, గుజరాతులో, మధ్య భారతంలో ఘోరమైన అనావృష్టి సంభవించింది. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఆ తరువాత కొన్నేళ్ళపాటు సూచనలను ప్రజలకు వెల్లడించక అధికారులకు మాత్రమే రహస్యంగా పంపవలసిన పరిస్థితి దాపురించింది.

ఎలియట్ తన వారసునిగా ఒక గణితవేత్త ఉండాలని కోరుకోవడానికి ఈ అనుభవమే ప్రేరణ అని ఊహించవచ్చు. శాఖ వద్ద దశాబ్దాల తరబడి పోగుపడిన అంకెలున్నాయి. వాటి మధ్య సంబంధాన్ని నిగ్గు తేల్చగలవారు లేరు. వాకర్ 1903లో భారతదేశానికి వచ్చి, 1904 ఆరంభంలో శాఖాధిపతిగా బాధ్యతలు స్వీకరించాడు. ఆ యేడే రాయల్ సొసైటీ సభ్యత్వం కూడా లభించింది. అప్పటికి ఆయన వయస్సు ముప్పయి అయిదు సంవత్సరాలు. కార్యాలయం సిమ్లాలో.

వాతావరణాన్ని భౌతికశాస్త్ర సూత్రాలతో మొదటినుంచీ లెక్కకట్టడం ఆనాడు అసాధ్యమని వాకర్ త్వరలోనే గ్రహించాడు. గాలి పొరలలో ఏమి జరుగుతున్నదో తెలిపే కొలతలు లేవు. సిద్ధాంతం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే కరువులు ఆగవు. కాబట్టి ఆయన మరొక మార్గం పట్టాడు. ప్రపంచంలో ఎక్కడెక్కడ వాయుపీడనం, ఉష్ణోగ్రత, వర్షపాతం, నదుల వరద నమోదవుతున్నాయో ఆ అంకెలన్నీ తెప్పించి, వాటిలో ఏవి మన వానతో కలిసి పెరుగుతున్నాయి, ఏవి వ్యతిరేకంగా నడుస్తున్నాయి అని పరీక్షించదలచాడు. ఇందుకు సాధనం సహసంబంధ గుణకం. రెండు రాశులు ఎల్లప్పుడూ ఒకే నిష్పత్తిలో కలిసి పెరిగితే ఆ గుణకం +1. ఒకటి పెరిగినప్పుడల్లా రెండవది అదే నిష్పత్తిలో తగ్గితే −1. వాటి హెచ్చుతగ్గులకు పొంతన లేకుంటే సున్నకు దగ్గరగా ఉంటుంది.

చెప్పడానికి ఇది సులభం. కంప్యూటర్లు లేని కాలంలో చేయడం వేరు. ముప్పయి నలభై సంవత్సరాల అంకెలు తీసుకొని, ప్రతి సంవత్సరపు విలువ సగటుకంటె ఎంత భేదిస్తున్నదో కనుగొని, రెండు చోట్ల భేదాలను హెచ్చవేసి, కూడి, భాగించాలి. అప్పటికి ఒక్క గుణకం సిద్ధమవుతుంది. అటువంటివి వందలకు వందలు కావాలి. ఈ శ్రమలో అధికభాగం సిమ్లా కార్యాలయంలోని భారతీయ గుమాస్తాలు చేశారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆంగ్లేయ అధికారులు సేనలోకి వెళ్ళినప్పుడు కార్యభారం ఇంకా ఎక్కువగా వారిమీద పడింది. వారిలో ఎక్కువమంది పేర్లు నేడు తలచేవారు లేరు. వాకర్ పేరుతో ప్రసిద్ధమైన ప్రతి పట్టికలోనూ వారి చేతి గీత ఉన్నదన్న సంగతి మరువరాదు.

1909 నాటికి ఆయన నాలుగు అంశాలను ఏర్చి కూర్చి ఒక సూత్రాన్ని తయారుచేశాడు: మే నెలాఖరుకు హిమాలయాలలో పేరుకొన్న మంచు, మారిషస్ దీవిలో వాయుపీడనం, దక్షిణ అమెరికాలో వాయుపీడనం, ఆఫ్రికా తూర్పుతీరాన జాంజిబారులో కురిసిన వాన. మన పొలంలో పడే చినుకుకూ, దక్షిణ అమెరికా మీది గాలి బరువుకూ పొత్తు కలపడం ఆనాటి వారికి విడ్డూరంగా తోచింది. భారతదేశాన్నంతటినీ ఒకే ముద్దగా చూడడం సరికాదని కూడా వాకర్ గుర్తించాడు. ద్వీపకల్పానికీ, వాయవ్య భారతానికీ వేరువేరుగా సూత్రాలు సిద్ధం చేశాడు. ఈశాన్య ప్రాంతపు వాన మాత్రం ఈ లెక్కలకు లొంగలేదు.

ఇక్కడ ఆయన వివేకాన్ని తెలిపే అంశం ఒకటి ఉంది. ఒక నాణేన్ని పదిసార్లు ఎగురవేస్తే పదిసార్లూ బొమ్మే పడే అవకాశం 1024లో ఒకటి. ఒక్క విద్యార్థి అది సాధిస్తే ఆశ్చర్యపడాలి. వేయిమంది విద్యార్థులు ఎగురవేసినప్పుడు వారిలో ఎవరో ఒకరికి అలా పడితే ఆశ్చర్యం అవసరం లేదు. వందలకొద్దీ గుణకాలు లెక్కించి, వాటిలో పెద్దదానిని మాత్రమే చూపి ఇదిగో సంబంధం అనడం ఇటువంటిదే. ఈ ప్రమాదాన్ని పసిగట్టిన వాకర్ 1914లో, ఎన్ని గుణకాలు లెక్కించినప్పుడు ఎంత పెద్ద గుణకాన్ని నమ్మవచ్చో నిర్ణయించే ప్రమాణాన్ని ప్రతిపాదించాడు. సూర్యునిలోని మచ్చలే వానలను శాసిస్తాయని చాలామంది పండితులు విశ్వసించే రోజులవి. వాకర్ లెక్కకట్టి చూసి ఆ సంబంధం మిక్కిలి బలహీనమని తేల్చాడు. అలాగే 1890ల చివరినుంచి కొన్నేళ్ళు వాయవ్య భారతంలో వానలు తగ్గినప్పుడు, అడవులు నరకడం వల్లనో కాలువలు తవ్వడం వల్లనో దేశపు శీతోష్ణస్థితే శాశ్వతంగా మారిపోయిందని వాదం బయలుదేరింది. 1910లో ఆయన పాత లెక్కలన్నీ పరిశీలించి, అటువంటి మార్పుకు ఆధారం కనబడలేదన్నాడు. ఆ నిర్ణయం ఆనాటి కొలతలకు మాత్రమే చెల్లుతుంది. మన కాలంలో కొలతలతో రుజువైన భూతాపం వేరే విషయం.

1913 ఫిబ్రవరిలో వాకర్ మద్రాసు వెళ్ళాడు. అక్కడి ఓడరేవు ట్రస్టు అధ్యక్షుడు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్, తన కార్యాలయంలో నెలకు ముప్పయి రూపాయల జీతానికి పనిచేస్తున్న ఇరవై అయిదేళ్ళ గుమాస్తా రాసుకున్న గణితాన్ని ఆయనకు చూపించాడు. ఆ గుమాస్తా శ్రీనివాస రామానుజన్. ఆ గణితం వాకర్ ప్రత్యేకంగా అభ్యసించిన శాఖ కాదు. అయినా అందులోని అపూర్వతను గ్రహించి, ఈ యువకుడు కొన్నేళ్ళు జీవనోపాధి చింత లేకుండా గణితానికే అంకితమయ్యే ఏర్పాటు చేయవలసిందిగా మరునాడే మద్రాసు విశ్వవిద్యాలయానికి లేఖ రాశాడు. విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల చొప్పున రెండేళ్ళపాటు వేతనం మంజూరు చేసింది. రామానుజన్ చరిత్రలో హార్డీ పేరు అందరికీ తెలుసు. ఈ లేఖను తలచేవారు కొద్దిమందే.

సిమ్లాలో ఆయన కేవలం గదిలో కూర్చుని అంకెలు చూసిన మనిషి కాదు. పై గాలి పొరలను బెలూన్లతో పరీక్షించే వేధశాల 1914లో ఆగ్రాలో వెలసింది. సమర్థులైన యువశాస్త్రజ్ఞులను శాఖలోకి తెచ్చాడు. వారిలో ఒకడైన జార్జి సింప్సన్ తరువాత కెప్టెన్ స్కాట్ బృందంతో అంటార్కిటికాకు వెళ్ళి, అనంతరం బ్రిటిషు వాతావరణశాఖకే అధిపతి అయ్యాడు.

సూత్రంతో ఇచ్చిన సూచనలు కొన్ని సంవత్సరాలు ఫలించాయి, కొన్ని సంవత్సరాలు తప్పాయి. ఒక కాలంలో గట్టిగా కనిపించిన సంబంధం మరొక కాలంలో సడలిపోయేది. హిమాలయాల మంచు కూడా అలాగే మాట తప్పింది. వాకర్ ఈ వైఫల్యాన్ని దాచలేదు. తాను ఇచ్చేది జోస్యం కాదనీ, రాబోయేదాని నీడ వంటి సూచన మాత్రమేననీ భావించి, తన పత్రాలలో అందుకు తగిన మెత్తని పదాన్నే వాడాడు. సంకేతాలు స్పష్టంగా లేని యేడు ఏమీ చెప్పకపోవడమే మేలని ఆయన మతం.

అయితే ఈ గుణకాల అడవిలో నడుస్తూండగా ఆయనకు ఒక పెద్ద ఆకృతి కనిపించసాగింది. పసిఫిక్ మహాసముద్రం మీద వాయుపీడనం పెరిగినప్పుడు హిందూ మహాసముద్రం మీద, ఆస్ట్రేలియా మీద తగ్గుతున్నది. అటు తగ్గినప్పుడు ఇటు పెరుగుతున్నది. పిల్లలు ఇరుకొసల కూర్చుని ఊగే తూగుబల్ల వంటిది ఈ కదలిక. భూగోళాన్ని సగం చుట్టిన తూగుబల్ల! దీని తునకలు లోగడ కొందరు చూడకపోలేదు. ఆస్ట్రేలియాలోని చార్లెస్ టాడ్ 1888లోనే తమ దేశపు అనావృష్టులు, భారతదేశపు అనావృష్టులు ఒకేసారి వస్తున్నాయని గుర్తించాడు. స్వీడను శాస్త్రజ్ఞుడు హిల్డెబ్రాండ్‌సన్, ఇంగ్లండుకు చెందిన లాకియర్లు ఎదురెదురు ఊగిసలాటను గమనించారు. ఆ తునకలన్నిటినీ కలిపి, లెక్కకట్టి, ఎంత విస్తారమో నిరూపించి, 1924లో దక్షిణ డోలనమని నామకరణం చేసినవాడు వాకర్. ఉత్తర అట్లాంటిక్‌లో, ఉత్తర పసిఫిక్‌లో ఇటువంటివే మరి రెండు చిన్న డోలనాలున్నాయని కూడా చూపించాడు. మన ఋతుపవనం, నైలునది వరద, ఆస్ట్రేలియా వాన – ఇవన్నీ ఆ పెద్ద ఊపుతో ముడిపడి ఉన్నాయి.

ఆ 1924లోనే ఆయన పదవీవిరమణ చేశాడు. ప్రభుత్వం సర్ బిరుదం ఇచ్చి గౌరవించింది. లండనులోని ఇంపీరియల్ కళాశాలలో వాతావరణశాస్త్ర ఆచార్యుడుగా 1934 వరకు పనిచేసి, మేఘాలు బారులు తీరడానికి కారణమేమిటో పళ్ళెంలోని పలుచని ద్రవపొరలను వేడిచేసి పరిశోధించాడు. దక్షిణ డోలనాన్ని మాత్రం లోకం పూర్తిగా నమ్మలేదు. ఇంత దూరదూర ప్రాంతాలను కలిపే శక్తి ఏది అని అడిగితే వాకర్ వద్ద సమాధానం లేదు. సముద్రజలాల ఉష్ణోగ్రత ఆ విశాలప్రాంతంలో కొలిచినవారు లేరు. పైగా, భారత వాతావరణశాఖకు అధిపతిగా ఉండి వెళ్ళిన చార్లెస్ నార్మండ్ 1953లో ఒక కఠిన సత్యాన్ని ఎత్తిచూపాడు. మన ఋతుపవనం తరువాత ఇతర దేశాలలో ఏమి జరుగుతుందో ఈ డోలనం ద్వారా తెలుస్తున్నది గాని, ఋతుపవనం ఎలా ఉంటుందో ముందుగా తెలియడం చాలా తక్కువ. అనగా ఇరవై యేళ్ళు ఏ ప్రశ్నకు జవాబు వెతికారో, దొరికిన వస్తువు ఆ ప్రశ్నకు జవాబు కాదు. అప్పటికి వాకర్ జీవించే ఉన్నాడు.

1957–58లో అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం సందర్భంగా అనేక దేశాలు పసిఫిక్ మహాసముద్రాన్ని మునుపెన్నడూ లేనంత విస్తృతంగా కొలిచాయి. కాకతాళీయంగా ఆ రోజుల్లోనే పెరూ తీరంనుంచి మహాసముద్రం మధ్యవరకు నీరు అసాధారణంగా వేడెక్కింది. ఇటువంటి వేడి క్రిస్మసు రోజుల్లో వస్తుందని పెరూ జాలరులు దానిని బాలయేసు పేరుతో ఎల్‌నినో అని పిలుచుకునేవారు. ఆ కొలతలు ఇంకా పోగుపడుతూండగా 1958 నవంబరు 4న, తొంభయ్యవ యేట, ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో వాకర్ కన్నుమూశాడు.

ఆ కొలతలను చదివి చిక్కుముడి విప్పినవాడు నార్వే జాతీయుడై అమెరికాలో స్థిరపడిన జాకబ్ బ్యెర్క్‌నెస్. మామూలు సంవత్సరాలలో తూర్పునుంచి వీచే వ్యాపార పవనాలు పసిఫిక్ మీది వేడినీటిని ఇండోనీషియా వైపుకు నెడతాయి. అక్కడ గాలి వేడెక్కి పైకి లేచి, వానగా కురిసి, ఎత్తున తూర్పుకు మళ్ళి, చల్లని నీరున్న దక్షిణ అమెరికా తీరాన కిందికి దిగుతుంది. వ్యాపార పవనాలు నీరసిస్తే వేడినీరు తూర్పుకు జారుతుంది. దానితోపాటు గాలి పైకి లేచే చోటు, వాన పడే చోటు కూడా తూర్పుకు జరుగుతాయి. అప్పుడు ఇండోనీషియా, ఆస్ట్రేలియా, భారతదేశాల వైపు గాలి కిందికి అణగుతుంది, వాయుపీడనం పెరుగుతుంది, మేఘాలు సన్నగిల్లుతాయి. ఎల్‌నినో సముద్రపు ముఖం. దక్షిణ డోలనం గాలి ముఖం. 1969లో ఈ సంగతి ప్రకటిస్తూ బ్యెర్క్‌నెస్ ఆ గాలి చక్రానికి వాకర్ ప్రసరణమని పేరు పెట్టాడు. ధాత కరువునాటి పాత లెక్కలను ఈ వెలుగులో తిరిగి పరిశీలించినవారికి, 1877లో పసిఫిక్‌లో మహా ప్రబలమైన ఎల్‌నినో ఉన్నట్లు తేలింది.

నేడు భారత వాతావరణశాఖ ఏప్రిల్ నెలలో ఋతుపవన సూచన వెలువరించే ముందు పసిఫిక్ నీటి వేడిని తప్పక గమనిస్తుంది. డార్విన్, తాహితీ కేంద్రాల వాయుపీడన భేదంతో దక్షిణ డోలనాన్ని నెలనెలా కొలుస్తారు. 1987, 2002, 2009, 2015 ఎల్‌నినో సంవత్సరాలు. నాలుగింటిలోనూ దేశంలో వాన లోటు తీవ్రంగా ఉంది. 1997లో అంతకుమించిన ఎల్‌నినో వచ్చినా వానలు సగటుకు తగ్గలేదు. హిందూ మహాసముద్రపు వేడి తీరు కూడా ఇందులో పాత్ర వహిస్తుందని ఆ తరువాతి పరిశోధనలు చెప్పాయి. 2009లో మరొక చిత్రం జరిగింది. దేశమంతటా ఋతుపవనం మొహం చాటేసి, రాయలసీమ రైతు ఆశ వదులుకున్న ఆ యేడే అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు నగరాన్ని ముంచెత్తాయి.